పసిబిడ్డ తొట్టి చుట్టూ దూది గోడ అవసరమా?

 

గుంటూరు నుండి తెనాలి వెళ్లే దారిలోని వడ్లమూడి నుండి ఒక సోదరి వ్రాసిన లేఖ ఈ నెల శీర్షికకు ఆధారం. ఆమె బాబుకు మూడవ నెల నడుస్తోంది. అఖీఖా సందర్భంగా పుట్టింటివారు వడ్రంగి చేత కొయ్య తొట్టి చేయించి పంపారు. అత్తగారిది తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టిన నూర్‌బాషా కుటుంబం. మనుమడి తల ఊచలకు తగలకూడదని ఆమె కొత్త దూది తెప్పించి, తొట్టి నాలుగు వైపులా కట్టడానికి జానెడెత్తు మెత్తలు తన చేతులతో కుట్టారు. బజారులో ‘బంపర్లు’ అని అమ్మేవి ఇవే. టీకాలకు వెళ్లినపుడు పిల్లల వైద్యురాలు విషయం తెలుసుకొని, వాటిని వెంటనే తీసివేయమన్నారు. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పగా పెద్దావిడ మనసు నొచ్చుకుంది. “నలుగురు బిడ్డలను పెంచినదాన్ని. కాపాడేవాడు అల్లాహ్. డాక్టరమ్మ కాదు” అన్నారట. కుమారుడు అటు తల్లికి, ఇటు భార్యకు ఏమీ చెప్పలేక మౌనంగా ఉండిపోయాడు. ఆ మెత్తలు నిజంగా ప్రమాదకరమా, అయితే పెద్దల మనసు నొప్పించకుండా వాటిని తీయడమెలా అన్నవి సోదరి అడిగిన రెండు ప్రశ్నలు.

మొదటి ప్రశ్నకు సమాధానం సూటిగానే చెప్పాలి. వైద్యురాలి మాట నిజం. మెత్తలను ఈ రాత్రికే తీసివేయండి. ఎందుకో వివరిస్తాను.

ఈ దూది గోడ ఎందుకు పుట్టిందో ముందుగా చూద్దాం. పూర్వం పాశ్చాత్య దేశాలలో తొట్ల ఊచల మధ్య సందులు చాలా వెడల్పుగా ఉండేవి. బిడ్డ శరీరం సందులోనుండి జారి, తల మాత్రం ఇరుక్కుపోయేది. ఆ ప్రమాదాన్ని ఆపడానికి చుట్టూ మెత్తలు కట్టడం మొదలైంది. అమెరికాలో 1974 నుండి అమలులోకి వచ్చిన నిబంధన ఊచల మధ్య దూరం సుమారు 6 సెంటీమీటర్లకు మించరాదని శాసించింది. సందు ఇరుకైన తరువాత మెత్తతో పని లేదు. అయినా అలవాటు పోలేదు. రంగుల బొమ్మలతో, రిబ్బన్లతో అలంకార వస్తువుగా మారి అది అంగళ్లలో నిలిచిపోయింది. ఇప్పుడు మన ఊళ్లలోని దుకాణాలకూ, ఆన్‌లైన్ అమ్మకాలకూ చేరింది.

ఇక బిడ్డ విషయానికి వద్దాం. మూడు నాలుగు నెలల పసివాడి తల శరీరంతో పోలిస్తే బరువైనది. మెడ కండరాలలో ఇంకా బలముండదు. నిద్రలో కదులుతూ కదులుతూ అంచుకు జరిగి, ముక్కూ నోరూ మెత్తకు ఆనించాడనుకోండి. పెద్దవారైతే ఊపిరి ఆడకపోగానే ఉలిక్కిపడి లేస్తారు, ముఖం పక్కకు తిప్పుకుంటారు. పసివాడికి ఆ శక్తి ఇంకా రాలేదు. తాను విడిచిన గాలి దూదిలో నిలిచిపోతుంది. అదే గాలిని మళ్లీ పీలుస్తాడు. ప్రతి శ్వాసకూ ప్రాణవాయువు తగ్గుతూ, బొగ్గుపులుసు వాయువు పెరుగుతూ ఉంటుంది. ఏడుపు వినిపించదు, పెనుగులాట కనిపించదు. పక్కనే పడుకున్న తల్లికి కూడా తెలియదు. ఈ మరణాలు అంత నిశ్శబ్దంగా జరుగుతాయి.

ఇది ఊహ కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరానికి చెందిన వైద్యుడు బ్రాడ్లీ థాచ్, ఆయన సహచరులు కలిసి ప్రభుత్వ వినియోగదారుల భద్రతా కమిషన్ రికార్డులను పరిశీలించి 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. 1985 నుండి 2005 వరకు తొట్టి మెత్తల కారణంగా 27 మంది శిశువులు మరణించినట్లు అందులో తేలింది. వారిలో 11 మంది ముఖం మెత్తకు ఆనుకొని ఊపిరాడక పోయారు. 13 మంది మెత్తకూ మరొక వస్తువుకూ మధ్య ఇరుక్కున్నారు. ముగ్గురికి మెత్తను ఊచలకు కట్టిన తాడు మెడకు బిగుసుకుంది. ఆ తరువాతి సంవత్సరాలను కూడా కలుపుకొని చేసిన రెండవ పరిశీలనలో 2012 నాటికి ఈ సంఖ్య 48కి చేరింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2011లో ఈ మెత్తలు వాడవద్దని ప్రకటించింది. చికాగో నగరం అదే ఏడాది, మేరీల్యాండ్ రాష్ట్రం 2013లో వీటి అమ్మకాన్ని నిషేధించాయి. చివరకు 2022 మే 16న అధ్యక్షుని సంతకంతో వచ్చిన చట్టం, అదే సంవత్సరం నవంబరు 12 నుండి దేశమంతటా వీటి తయారీని, అమ్మకాన్ని ఆపివేసింది.

“అంత పెద్ద దేశంలో, ఇన్ని సంవత్సరాలలో 48 మందేనా?” అని ఎవరైనా అనవచ్చు. రికార్డుకు ఎక్కినవి మాత్రమే ఈ లెక్కలో ఉన్నాయి. అంతకన్నా ముఖ్యమైన మాట మరొకటి ఉంది. ఈ మెత్త వలన కలిగే మేలు ఏమిటి? ఊచలకు తగిలి తలకు చిన్న బొప్పి కట్టకుండా ఆపుతుంది. చేయో కాలో సందులో చిక్కుకొని బిడ్డ ఏడవకుండా చేస్తుంది. బొప్పి రెండు రోజులలో మానుతుంది. చిక్కుకున్న కాలిని తల్లి వచ్చి తీస్తుంది. ఆగిన ఊపిరిని తిరిగి తేగలవారు లేరు. త్రాసులో ఒక వైపు బొప్పి, మరొక వైపు ప్రాణం ఉన్నపుడు ఎటు మొగ్గాలో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. హాని కలిగించరాదు, హానికి గురికారాదు అన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ప్రవచనంపై మన ధర్మశాస్త్రవేత్తలు ఎన్నో తీర్పులను నిలబెట్టారు. పెద్ద హానిని తప్పించడానికి చిన్న హానిని ఓర్చుకోవాలన్నది వారి సూత్రం.

ఇక పెద్దావిడ అన్న మాట గురించి. “కాపాడేవాడు అల్లాహ్” అన్న వాక్యంలో సంశయానికి చోటు లేదు. అది మన విశ్వాసం. కాని ఆ విశ్వాసాన్ని జాగ్రత్తకు ఎదురుగా నిలబెట్టడం మన ధర్మం నేర్పినది కాదు. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయాలా, విడిచిపెట్టి భారం వేయాలా అని ఒకరు అడిగినపుడు, ముందు కట్టివేసి ఆపైన భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు తిర్మిజీ గ్రంథంలో ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వైపు వెళుతూ, అక్కడ మహమ్మారి వ్యాపించిందని తెలిసి వెనుదిరిగారు. అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించగా, అల్లాహ్ నిర్ణయం నుండి అల్లాహ్ నిర్ణయం వైపునకే వెళుతున్నామన్నది ఆయన సమాధానం. బుఖారీలోని ఈ ఉదంతం మనకు చాలు. మెత్తను తీసివేయడమూ అల్లాహ్ విధివ్రాతలోని భాగమే.

పడక గది జాగ్రత్తలను డాక్టర్ల చాదస్తంగా భావించేవారు మరొక విషయాన్ని గమనించాలి. రాత్రి పడుకునే ముందు దీపాలు ఆర్పమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఎలుక వత్తిని ఈడ్చుకుపోయి ఇల్లు తగలబెట్టవచ్చని దానికి కారణం కూడా చెప్పారు. పిట్టగోడ లేని మిద్దెపై పడుకోవడాన్ని వారించిన హదీసు అబూ దావూద్‌లో ఉంది. నిద్రపోయే మనిషికి తనను తాను కాచుకునే స్థితి ఉండదు కనుక, ఆ జాగ్రత్తను ముందే తీసుకోవాలన్నది ఈ రెండు ఆదేశాలలోని అంతరార్థం. మెలకువలో కూడా తనను తాను కాచుకోలేని శిశువు విషయంలో ఈ బాధ్యత ఎన్ని రెట్లు ఎక్కువో ఆలోచించండి.

“మా కాలంలో ఇవన్నీ లేవా? మా పిల్లలు పెరగలేదా?” అన్న ప్రశ్న ప్రతి ఇంటా వినిపిస్తుంది. పెరిగిన పిల్లలు మన కళ్లెదుట ఉన్నారు కనుక వారే సాక్ష్యంగా కనిపిస్తారు. ఉదయానికి లేవని పసికందుల గురించి ఆ కాలంలో “దిష్టి తగిలింది” అనో, “గాలి సోకింది” అనో చెప్పుకొని ఊరుకున్నారు. కారణం వెదకినవారు తక్కువ. వెదికిన చోట ఫలితం కనిపించింది. శిశువులను వెల్లకిలా పడుకోబెట్టమని అమెరికాలో 1994లో పెద్ద ఎత్తున ప్రచారం మొదలైంది. దాని తరువాతి పదేళ్లలో నిద్రలో సంభవించే ఆకస్మిక శిశు మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఏ మందూ లేదు, ఏ యంత్రమూ లేదు. పడుకోబెట్టే తీరు మాత్రమే మారింది.

ఇక్కడ మరొక సందేహం రావచ్చు. కుడిప్రక్కకు తిరిగి పడుకోవడం సున్నత్ కదా, బిడ్డను కూడా అలాగే పడుకోబెట్టి వెనుక దిండు ఆనించవచ్చా అని కొందరు తల్లులు అడుగుతారు. ఆ మర్యాద బుద్ధి తెలిసి, తనంతట తాను పడకకు చేరే మనిషికి నేర్పినది. పక్కకు పడుకోబెట్టిన శిశువు సులువుగా బోర్లా దొర్లుతాడు. ఆనించిన దిండే ముఖానికి అడ్డు వస్తుంది. ఏడాది నిండేవరకు పగలైనా రాత్రయినా నిద్రకు వెల్లకిలా పడుకోబెట్టడమే క్షేమం. బిడ్డ పెద్దవాడై అటూ ఇటూ తనంతట తాను దొర్లడం నేర్చిన తరువాత, నిద్రలో తిరిగినపుడల్లా లేచి సరిచేయవలసిన పని లేదు. కాని తొట్టిలో అడ్డేమీ ఉండకూడదు.

మరి తొట్టి ఎలా ఉండాలి? సులువుగా పరీక్షించుకోగల విషయాలు కొన్ని చెబుతాను.

వడ్రంగి చేసిన తొట్టి అయితే ముందుగా ఊచల మధ్య దూరం కొలవండి. 6 సెంటీమీటర్లు మించకూడదు. కొలబద్ద లేకపోతే మామూలు కూల్‌డ్రింక్ డబ్బాను సందులో దూర్చి చూడండి. అది దూరితే సందు వెడల్పుగా ఉన్నట్లే. అటువంటి తొట్టికి మందు మెత్త కాదు. వడ్రంగిని పిలిపించి మధ్యలో మరికొన్ని ఊచలు వేయించాలి. అంతవరకు బిడ్డను అందులో పడుకోబెట్టవద్దు.

పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. చేతితో నొక్కి తీస్తే గుంట నిలవకూడదు. పరుపుకూ తొట్టి అంచుకూ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు కూడా ఉండరాదు. దానిపై బిగుతుగా ఒక దుప్పటి పరచి అంచులను పరుపు క్రిందికి మడవాలి. ఆపైన బిడ్డ తప్ప మరేదీ ఉండకూడదు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, రెండు వైపులా పెట్టే గుండ్రటి దిండ్లు, బొంత, దూది బొమ్మ, పైనుండి వేలాడే రిబ్బన్లు, అన్నీ తీసివేయవలసినవే. ‘గాలి ఆడే బంపర్’ అంటూ అమ్మే పలుచని జాలీ వస్త్రాలు కూడా అక్కరలేదు. వాటి కట్టుతాళ్లు వదులైతే అవీ చిక్కుముడులే.

మన తీర ప్రాంతపు ఉక్కలో ఇంకొక ప్రయోజనం కూడా ఉంది. చుట్టూ దూది కడితే ఫ్యాను గాలి బిడ్డకు చేరదు. ఒళ్లు అతిగా వేడెక్కడం కూడా శిశువుకు ప్రమాదమే. ఊచలు తెరిచి ఉంటే గాలి ఆడుతుంది, తల్లికి బిడ్డ ముఖం కనిపిస్తుంది. ఇంటిలోపల టోపీ, ఊలు మేజోళ్లు అక్కరలేదు. దోమతెర మాత్రం తప్పనిసరి. అయితే అది పైనుండి బిగుతుగా దిగి, బిడ్డ ముఖం మీద పడకుండా ఉండాలి.

చీర ఉయ్యాల గురించి కూడా ఒక మాట. మన ఇళ్లలో దూలానికి కట్టిన చీరలో పెరగనివారు అరుదు. అమ్మ దగ్గర కూర్చొని ఊపుతూ ఉన్నంతసేపు బిడ్డను ఆమె కన్ను కనిపెట్టి ఉంటుంది. కాని చీర వంపులో గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది, రెండు వైపుల గుడ్డ ముఖంపైకి ముడుచుకుంటుంది. కనుక బిడ్డ నిద్రపోగానే తీసి చదునైన పడకపై వేయాలి. రాత్రంతా ఉయ్యాలలో వదిలివేయరాదు. తల్లి ఉన్న గదిలోనే, ఆమె చేయి అందేంత దూరంలో, తనకంటూ వేరే పడక ఉండటం శిశువుకు అన్నిటికన్నా క్షేమం. బిడ్డ ఉన్న ఇంట్లో పొగ త్రాగరాదు. తల్లిపాలు ఈ ఆకస్మిక మరణాల ముప్పును తగ్గిస్తాయని వైద్యులు చెబుతున్నారు. రెండు సంవత్సరాల పాలు దివ్య ఖుర్ఆన్ బిడ్డకు ఇచ్చిన హక్కు.

మెడలో కట్టే నల్లతాడు, తాయెత్తు సంగతి వేరుగా చెప్పాలి. నిద్రలో దేనికైనా చిక్కుకుంటే అది ఉరితాడే. విశ్వాసపరంగా చూసినా, రక్షణ కోసం తాయెత్తులు వేలాడదీయడాన్ని దైవప్రవక్త (స) తీవ్రంగా ఖండించారు. రెండు కారణాలూ కలిసిన చోట ఆలస్యం తగదు.

ఇప్పుడు సోదరి అడిగిన రెండవ ప్రశ్న. మొదటి దానికన్నా ఇదే కష్టమైనది. మెత్తను ఊచల నుండి విప్పడానికి నిమిషం చాలు. కుట్టిన చేతులను గౌరవిస్తూ విప్పడానికి నేర్పు కావాలి. నూర్‌బాషా కుటుంబాలకు దూది అంటే కేవలం సరుకు కాదు. విల్లుతో దూది ఏకి, ఊరి పెళ్లిళ్లన్నిటికీ పరుపులు, దిండ్లు అందించి, ఆ సంపాదనతో పిల్లలను పెంచిన వంశాలవి. మిల్లు పరుపులు, ఫోము పరుపులు వచ్చి ఆ వృత్తిని దెబ్బతీశాయి. అటువంటి ఇంటి పెద్దావిడ మనుమడి కోసం మళ్లీ సూది పట్టారంటే, అందులో ఆమె ప్రేమా ఉంది, ఆమె జీవితమూ ఉంది. “ఇది ప్రమాదం” అన్న మాట ఆమె చెవికి “నీవు ప్రమాదం” అని వినిపించి ఉంటుంది.

కనుక ఈ మాట కోడలు ఒంటరిగా మోయవలసినది కాదు. కుమారుడు నోరు తెరవాలి. అల్ బఖరా సూరా 233వ ఆయతు పాలు మాన్పించే విషయాన్ని కూడా తల్లిదండ్రులు ఇద్దరూ సంప్రదించుకొని, సమ్మతించి నిర్ణయించాలని నేర్పుతోంది. పాల విషయంలోనే సంప్రదింపు అవసరమైతే, ప్రాణం విషయంలో తండ్రి మౌనం సరికాదు. ప్రతి మనిషీ కాపరియే, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నించబడతాడన్న హదీసు అతనికి కూడా వర్తిస్తుంది. తల్లి దగ్గర కూర్చొని, ఆమె చేయి పట్టుకొని, “అమ్మా, నీవు కుట్టినది మేము పారేయడం లేదు. దానికి వేరే చోటు ఉంది” అని చెప్పాలి.

ఆ చోటు నిజంగానే ఉంది. నాలుగు మెత్తల కట్టుతాళ్లు కత్తిరించి, వాటిని పక్కపక్కన కలిపి కుడితే పలుచని బొంత అవుతుంది. బిడ్డ మెలకువగా ఉన్నపుడు, పెద్దలు ఎదుటే కూర్చున్నపుడు, రోజూ కొంతసేపు బోర్లా పడుకోబెట్టి ఆడించమని వైద్యులే చెబుతారు. మెడకూ భుజాలకూ బలం రావడానికి అది అవసరం. నేలపై పరచిన ఆ బొంతపై మనుమడిని ఆడించే పని నాయనమ్మదే కావాలి. బిడ్డకు నిద్ర ముంచుకురాగానే తీసి తొట్టిలో వేయాలి. తొట్టి పరుపు సరిగా కుదరకపోతే గట్టిగా కూరి, సరైన కొలతకు కుట్టడం ఆమెకు తెలిసినంతగా ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? పరుపు గట్టిదనాన్ని పరీక్షించే పని ఆమెకే అప్పగించండి. వీలైతే తరువాతి టీకాకు ఆమెను కూడా తీసుకువెళ్లండి. డాక్టరు మాట కోడలి నోటి నుండి విన్నపుడు అది ఆజ్ఞలా తోస్తుంది. డాక్టరు నోటి నుండే వింటే అది సమాచారం అవుతుంది.

ఇంకా ప్రసవం కాని తల్లులకు ఒక సూచన. ప్రసవమై ఇంటికి వచ్చిన తరువాత 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆశా కార్యకర్త శిశువును చూడటానికి ఇంటికి రావాలన్నది ప్రభుత్వ పథకంలోని నియమం. బరువు తూచి పంపివేయకండి. బిడ్డ పడుకునే చోటును కూడా చూపించి అడగండి. అఖీఖాకు కానుకలు తెచ్చే బంధువులకు కూడా ముందుగానే చెప్పండి. బంపర్ బదులు మంచి దోమతెర, బిగుతుగా పరచే దుప్పట్లు తెస్తే బిడ్డకు పనికివస్తాయి.

ఈ వాక్యాలు చదివేవారిలో, నిద్రలోనే బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు కూడా ఉండవచ్చు. ఇందులోని ఏ మాటా వారిని నిందించడానికి వ్రాసినది కాదు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్న ఇళ్లలో కూడా కారణం తెలియని మరణాలు జరుగుతాయి. ఆనాడు తెలియని దానికి ఈనాడు తమను తాము శిక్షించుకోవద్దు. దైవప్రవక్త (స) తమ చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించినపుడు కన్నీరు పెట్టుకున్నారు. ఆ కన్నీటిని ఆయన కారుణ్యంగా పేర్కొన్నారు. బంధువులారా, అటువంటి తల్లిని “ఏం చేశావు?” అని అడగకండి.

హసన్, హుసైన్ (రజి)లు పసివారుగా ఉన్నపుడు, ప్రతి కీడు నుండీ వారిని కాపాడమని దైవప్రవక్త (స) అల్లాహ్ శరణు వేడేవారు. ఇబ్రాహీం (అలైహిస్సలాం) తమ కుమారులు ఇస్మాయీల్, ఇస్‌హాఖ్‌ల కోసం ఇవే పదాలతో వేడుకునేవారని కూడా తెలిపారు. బుఖారీలో ఉన్న ఆ దుఆను నేర్చుకోండి. బిడ్డను ఖాళీ తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి, దోమతెర దించి, ఆ దుఆ చదవండి. నాయనమ్మ చేత కూడా చదివించండి. అల్లాహ్ మన పసివారిని తన రక్షణలో ఉంచుగాక! ఆమీన్.